ఇథమార్ క్వింబీ ఇంటి మట్టినేల

ఇథమార్ క్వింబీ ఇంగ్లండు రాజు మనిషని మా పీస్లీ వాగు ఊళ్ళో ఒక మాట తిరుగుతోంది. యుద్ధం ముగిసి, రాజు మమ్మల్ని వదులుకుంటున్నట్టు సంతకం పెట్టి ఇన్నేళ్ళయ్యాక ఈ మాట మళ్ళీ ఎక్కడ లేచిందో నాకు తెలుసు. కొత్త ప్రార్థన మందిరానికి దూలాలు ఎత్తిన రోజున, చిక్కుడుగింజల కుండల దగ్గర లేచింది. మగవాళ్ళంతా పైన తాళ్ళు లాగుతున్నారు. మేము కింద వడ్డనకు సిద్ధం చేస్తున్నాం. నా పక్కన కెజియా గరిటె తిప్పుతోంది. పీస్లీ వాళ్ళింటికి కిందటి శీతాకాలమే కోడలిగా వచ్చిన పిల్ల.

"అత్తా, ఆ చివర దుంగ మీద ఒక్కడే కూర్చున్న ముసలాయన ఎవరు?" అని అడిగింది.

"ఇథమార్ క్వింబీ. మా గోడ అవతలి ఆయన."

"ఆయనేనా రాజు చెట్టును కాపాడింది?"

"ఎవరు చెప్పారు నీకు?"

"మా ఆయనే. ఊళ్ళో అందరూ పైన్ చెట్లు కొట్టుకుని ఇంటినిండా పలకలు పరుచుకుంటే, ఈయన మాత్రం రాజు మళ్ళీ వస్తాడని చెట్టును అలాగే ఉంచాడట. ఇంగ్లండు రాజు ఎంతకీ రాకపోయేసరికి చివరికి ఫ్రాన్సు రాజుకు పంపించాడట. ఇప్పటికీ ఆ ఇంట్లో మట్టినేలేనట కదా. పిసినారి కూడానా?"

"మీ ఆయనకు అప్పటికి పాలపళ్ళు కూడా ఊడలేదు. కుండ అడుగంటుతోంది, చూసుకో," అన్నాను.

కుండ సంగతి ఆమె చూసుకుంది గానీ నా మనసు మాత్రం కుదుటపడలేదు. ఎందుకంటే ఆ పిల్ల చెప్పినదాంట్లో సగం నిజం. చెట్టు నిజం, ఫ్రాన్సు రాజు నిజం, మట్టినేల నిజం. వాటిని కలిపి కుట్టిన తీరే అబద్ధం.

మా ఇంటికీ వాళ్ళింటికీ మధ్య నడుమెత్తు రాతిగోడ ఒక్కటే అడ్డు. అటువైపు పొయ్యి మీద ఏముందో వాసన పట్టి చెప్పగలను. ఎవరు వచ్చారో, ఎంతసేపు కూర్చున్నారో, వెళ్ళేటప్పుడు ముఖం ఎలా పెట్టుకున్నారో చెప్పగలను. మా ఆయన ఓబెడ్ బతికున్నప్పుడు, నీ మెడ ఆ గోడవైపే పెరిగిందే అనేవాడు. పెరిగితే పెరిగింది. ఈ సంగతి రాయడానికి ఊళ్ళో ఇంకెవరున్నారు?

ఇథమార్, ఆయన భార్య జెరూయా మా తర్వాత రెండో శీతాకాలంలో వచ్చారు. మంచు మీద జారుడు బండి, ముందు ఒక జత ఎడ్లు, బండిలో ఒక పెట్టె, పెట్టె మీద జెరూయా, ఆమె ఒళ్ళో పసిబిడ్డ ఎలీ. జెరూయా మా రేవుపట్నం పోర్ట్స్‌మౌత్‌లో ఓడలు కట్టే వడ్రంగి కూతురు. చెక్క మీద పుట్టి చెక్క మీద నడిచిన మనిషి. ఇథమార్ దుంగలతో కట్టిన ఒంటిగది ఇంట్లో అడుగుపెట్టి, కిందికి చూసి, "నేల ఏదండీ?" అని అడిగింది.

"ఇదే. ఈ ఒక్క శీతాకాలం ఓర్చుకో. వచ్చే ఏడు పలకలు పరుస్తాను," అన్నాడు.

తప్పు పట్టడానికి లేదు. మేమందరం అలాగే మొదలుపెట్టాం. మొదట కప్పు, తర్వాత పొయ్యి, తర్వాత గొడ్డు, ఆ తర్వాతే కాళ్ళ కింది సంగతి. కానీ వాళ్ళ ఇల్లు పల్లంలో ఉంది. మంచు కరిగే కాలం వస్తే ఆ నేల చెమర్చేది. జెరూయా చెట్టుకొమ్మలు తెచ్చి పరిచేది. అవి కుళ్ళితే ఎత్తి పారేసి మళ్ళీ పరిచేది. మూడో ఏడుకే ఆమెకు దగ్గు పట్టుకుంది. వేసవిలో తగ్గేది, మంచు కరిగేటప్పుడు మళ్ళీ మొదలయ్యేది. గోడ ఇవతలికి ఆ దగ్గు వినిపిస్తే మంచు కరుగుతోందని నాకు తెలిసేది.

పలకలకు చెట్లు లేకనా? చుట్టూ అంతా పైన్ అడవే. కానీ కాస్త లావెక్కిన తెల్ల పైన్ చెట్టు ఏదైనా రాజుదే. ఆయన ఓడలకు స్తంభాలు కావాలి. మన భూమిలో మొలిచినా, మన తాత నీళ్ళు పోసినా అది ఆయనదే. రాజుగారి అడవుల అధికారి మనుషులు వచ్చి, చూసి, మంచివాటి మీద గొడ్డలితో మూడు గాట్లు వేసేవారు. బాణం గుర్తు. వాళ్ళు చూసి వెళ్ళాక, వాళ్ళ అనుమతి ఉంటేనే మిగిలినవి మనం ముట్టుకోవాలి. వాళ్ళు రావడానికేమో తీరిక ఉండదు. వచ్చినా చేయి తడపాలి.

ఇథమార్ పొలం వెనక ఒక పైన్ ఉండేది. ముగ్గురం చేతులు కలిపితే గానీ చుట్టుకు అందేది కాదు. ఆ అధికారి మనుషులు వచ్చిన రోజు నేను గోడ దగ్గరే ఉన్నాను.

"ఇది రాజుగారిది," అన్నాడు వచ్చినవాడు, గాట్లు వేసి చేతులు దులుపుకుంటూ.

"నేల ఎవరిదయ్యా?" అన్నాడు ఇథమార్.

"నేల నీదే. నీ పత్రంలో ఉందిగా."

"వేళ్ళు?"

"ఏంటి?"

"వేళ్ళు నా నేలలో ఉన్నాయి కదా. అవి నావా, రాజుగారివా? తొక్కకుండా నడవాలి, అందుకని అడుగుతున్నా."

వాడికి నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. "ఈ చెట్టు ముట్టుకున్నావంటే ఆ వేళ్ళు లెక్కపెట్టుకుంటూ జైల్లో కూర్చుంటావు," అని వెళ్ళిపోయాడు.

అప్పటికి ఇథమార్ మనసులో రాజు మీద కోపం లేదు. చెబితే ఇప్పటి పిల్లలు నమ్మరు, మా ఎవరి మనసులోనూ లేదు. ఆదివారం ప్రార్థనలో రాజు పేరు వస్తే తలలు వంచేవాళ్ళం. ఆ పెద్ద చెట్టు సంగతి వదిలేసి, ఊళ్ళో అందరూ చేసినట్టే ఇథమార్ కూడా ఒక శీతాకాలంలో నడితరం పైన్లు కొన్ని కొట్టి పీస్లీ కోతమిల్లుకు లాగాడు. అనుమతి లేదు. ఎవరికుంది గనక? పలక మరీ వెడల్పు ఉంటే పెద్ద చెట్టు కొట్టామని తెలిసిపోతుంది కాబట్టి మిల్లులో అందరికీ సన్నగానే కోసేవారు. జెరూయా నేల కోసం పలకలు కోసి, ఆరబెట్టి, అక్కడే దొంతి పెట్టారు. ఆమె ఇంట్లో బల్ల ఎక్కడ పెట్టాలో, రాట్నం ఎక్కడ పెట్టాలో మట్టి మీద పుల్లతో గీతలు గీసుకుంది. నన్ను పిలిచి చూపించింది.

"ఇదిగో హిట్టీ, ఇక్కడ కూర్చుని నువ్వు నూలు వడుకుతావు. ఇక్కణ్ణించి మీ గోడ కనబడుతుంది. మీ ఇంట్లో ఏం జరుగుతోందో నేను కూడా చూసుకుంటాను," అంది.

పలకలు ఇంటికి తెచ్చేలోపే అధికారి మనుషులు మిల్లు మీద పడ్డారు. చెరువులో తేలుతున్న దుంగలన్నిటి మీద బాణం గుర్తు వేశారు. ఒడ్డున దొంతి పెట్టిన పలకల మీద కూడా వేశారు. అన్నీ రాజుగారి సొత్తు, ఎవరూ కదపకూడదు, దుంగలు తెచ్చినవాళ్ళంతా జరిమానా కట్టాలి. మిల్లు యజమాని అమోస్ పీస్లీ కట్టనన్నాడు. అతణ్ణి పట్టుకుపోవడానికి షెరీఫ్ తన మనిషితో వచ్చి, పొద్దుపోయిందని సత్రంలో దిగాడు.

తెల్లవారుజామున మగవాళ్ళు ముఖాలకు మసి పూసుకుని వెళ్ళారు. ఆ మసి మా పొయ్యిలోదే. ఓబెడ్ తట్టతో ఎత్తుకుపోయాడు. బెత్తాలు విరుచుకుని, షెరీఫ్‌ను మంచం మీంచి లేపి, చేతులూ కాళ్ళూ పట్టి బోర్లా పడేసి వాయించారు. గుర్రాల తోకలు కత్తిరించి, వాళ్ళను వాటి మీదికెక్కించి, ఊరి పొలిమేర దాకా కేకలేస్తూ తరిమారు. అందులో ఇథమార్ ఉన్నాడు. కుక్కను కూడా అదిలించని మనిషి. ఆయన తిరిగొచ్చి వాకిట్లో నిలబడ్డప్పుడు నేను జెరూయా దగ్గరే ఉన్నాను. ముఖం మీద మసిలో చెమట చారలు.

"పలకలు తెచ్చారా?" అని అడిగింది జెరూయా.

"లేదు."

"మరి ఏం చేసొచ్చారు?"

"కొట్టొచ్చాం."

"కొడితే పలకలిస్తామన్నారా?"

"అనలేదు."

"అయితే ముఖం కడుక్కోండి. సంకటి చల్లారిపోతోంది."

అక్కడితో ఆగితే బాగుండేది. ఆ వారమే సత్రంలో ఊరంతా పోగైంది. రమ్ము పోయించింది అమోస్ పీస్లీ. మా ప్రార్థన మందిరం పెద్ద, డీకన్ హాస్కెల్ గారు బల్ల ఎక్కి, ఇవాళ చెట్టు మనది కాదన్నవాడు రేపు పొయ్యిలో నిప్పు మనది కాదంటాడని మాట్లాడారు. ఒక్కొక్కరూ లేచి ఏదో ఒకటి అన్నారు. ఎప్పుడూ నోరు విప్పని ఇథమార్ కూడా లేచాడు. "నా ఇంట్లో పరిచే మొదటి పలక రాజు బాణం వేసిన ఆ చెట్టుదే. అది పడేదాకా ఇంకో చెక్క నా గడప దాటదు," అన్నాడు. బల్లలు చరిచారు. వీపు తట్టారు. ఓబెడ్ ఇంటికొచ్చి చెబుతుంటే ఆయన కళ్ళలో నీళ్ళు. నేను మాత్రం జెరూయా గీసుకున్న గీతల గురించి ఆలోచించాను.

ఎందుకంటే ఆ అడవిలో పైన్ ఒక్కటే లేదు. హెమ్లాక్ ఉంది, కావలసినంత. రాజుకు అక్కర్లేని చెట్టు అది. దాని చెక్కకు పేళ్ళు లేస్తాయి, అరికాళ్ళలో గుచ్చుకుంటాయి. అయినా నేల నేలే. మా ఇంట్లో అప్పటికి అదే ఉండేది. ఓబెడ్ దగ్గర కోసిన హెమ్లాక్ పలకలు మిగిలితే, తీసుకెళ్ళి పరుచుకో ఇథమార్ అన్నాడు. ఇథమార్ తల అడ్డంగా ఊపాడు.

నేను గోడ దగ్గర జెరూయాను పట్టుకున్నాను. "నువ్వైనా చెప్పరాదా?"

"చెప్పాను. హెమ్లాక్ అయినా వేయండి, పేళ్ళు గుచ్చుకుంటే నేనే తీసుకుంటాను అన్నాను."

"ఏమన్నాడు?"

"ఊరంతా విన్నాక ఎలా తిప్పుకోను అన్నాడు." కాసేపు దగ్గి, ఊపిరి తీసుకుని, "నేను విన్నది మాత్రం లెక్కలోకి రాదు," అని నవ్వింది.

ఆ మాట ఊళ్ళో ఇథమార్ కంటే పెద్దదైపోయింది. పక్క ఊళ్ళ నుంచి కూడా వచ్చి ఆ చెట్టు చూసి పోయేవారు. పోనీ అప్పుడే కొట్టేద్దామన్నాడు ఇథమార్. డీకన్ గారు వద్దన్నారు. గవర్నరుకు అర్జీ పంపాం, జవాబు వచ్చేదాకా ఎవరూ చెట్టు మీద చేయి వేయొద్దు, న్యాయం మనవైపు ఉండాలి అన్నారు. జవాబు రాలేదు. ఇంకో అర్జీ పంపారు. ఆ తర్వాత రాజుకే నేరుగా రాద్దామన్నారు. ఒక్కో అర్జీకి ఒక్కో శీతాకాలం గడిచింది. ఈలోగా బాస్టన్‌లో టీ మీద పన్ను గొడవ వచ్చింది. మా ఇళ్ళలో టీ ఎవరు తాగారు గనక? అయినా మాదీ అదే కోపం అనుకున్నాం. వాళ్ళకు టీ, మాకు చెట్టు, ఇంకెవరికో ఇంకేదో. అన్నీ ఒకే మూటలో పడ్డాయి. రాజు బాస్టన్ రేవు మూయించాడని విని బస్తాల కొద్దీ మొక్కజొన్న పంపాం. సైన్యం దిగిందని విని తుపాకులు తుడిచాం. ఒక వసంతంలో గుర్రం మీద ఒకడు వచ్చి, బాస్టన్ దారిలో కాల్పులు జరిగాయని చెప్పి, నీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

ఎలీకి అప్పటికి మీసాలు వచ్చాయి. ఊరి దళంతో వెళ్ళాడు. వెళ్ళేముందు ఆ పైన్ దగ్గరికి వెళ్ళి చేత్తో తట్టి, "నేనొచ్చాక కొడదాం నాన్నా, అవతలి గొడ్డలి నాది," అన్నాడు. జెరూయా వాడి సంచిలో ఎండబెట్టిన ఆపిల్ ముక్కలు పోసింది.

ఆ వేసవిలోనే రాజుగారి గవర్నరు ఓడెక్కి పారిపోయాడు. ఇక అడిగేవాడు లేడు. మా ఊళ్ళో మగవాళ్ళు మిగిలిన కొద్దిమందీ అడవి మీద పడ్డారు. మునుపు దాచి దాచి సన్నగా కోసిన మిల్లు, చెట్టంత వెడల్పు పలకలు కోసింది. ఓబెడ్ కూడా హెమ్లాక్ పీకేసి, అన్నిటికన్నా వెడల్పు పలకను గుమ్మానికి ఎదురుగా వేసి, వచ్చినవాళ్ళందరినీ దాని మీద నిలబెట్టి, "రాజు నడుము మీద నిలబడ్డావు," అనేవాడు. ఆ నవ్వు వింటూ జెరూయా మా గడపలో కూర్చుని, పలక మీద అరచేయి పెట్టి రాస్తూ ఉండేది.

ఇథమార్ అప్పుడెందుకు కొట్టలేదంటే, ఆయన ఊళ్ళో లేడు. ఆయన ఎడ్ల జత మంచిదని పేరు. దండుకు పిండి బస్తాలు, మందుగుండు లాగడానికి రమ్మన్నారు. శీతాకాలమంతా దారిలోనే ఉన్నాడు. తిరిగొస్తే ఇంకో చోటికి పంపారు. అంత పెద్ద చెట్టు ఒంటరిగా కొట్టేది కాదు. పడేచోట చిన్న చెట్లు కొట్టి పరుపులా పరవాలి. లేకపోతే పడ్డ దెబ్బకు నిలువునా చీలి వంటచెరకుకు తప్ప పనికిరాదు. దానికి మనుషులు కావాలి, ఎడ్లు కావాలి. ఉన్నవన్నీ యుద్ధం దగ్గరే ఉన్నాయి.

మరుసటి వేసవిలో ఉత్తరాన సరస్సు దగ్గర దండులో మశూచి పడి ఎలీ పోయాడని తెలిసింది. ఎక్కడ పూడ్చారో చెప్పినవాడికి కూడా తెలియదు. ఇథమార్ ఇంట్లో ఉన్నాడు అప్పుడు. జెరూయా ఏడ్చింది, నేనూ ఏడ్చాను. ఇథమార్ ఎడ్లకు నీళ్ళు పెట్టడానికి వెళ్ళి చాలాసేపు రాలేదు.

ఆ నెలలోనే డీకన్ గారు కాగితం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగారు. రాజు మీద ఆయుధం ఎత్తుతామని ప్రతి మగవాడూ సంతకం చేయాలి. చేయనివాణ్ణి పగవాడిగా చూడాలి. ఇథమార్ వాకిట్లోనే నిలబడి పేరంతా రాశాడు.

"మరి చెట్టెప్పుడు, ఇథమార్?" అన్నారు డీకన్ గారు. "ఊరు ఎదురుచూస్తోంది."

"తీరిక లేదండీ."

"రాజు పోయాడుగా. భయమా ఇంకా?"

ఇథమార్ కలం తిరిగిచ్చేశాడు. ఎలీ గురించి డీకన్ గారికి తెలుసు, అయినా అలా అడిగారు. రాజు మనిషన్న మాట మొదట అక్కడ పుట్టింది. డీకన్ గారు చెడ్డమనిషి కాదు. ఎవరైనా ఆగితే ఎందుకు ఆగారో ఆయనకు అర్థమయ్యేది కాదు, అంతే.

ఆ తర్వాతి శీతాకాలం కూడా ఇథమార్‌ను బండి తోలడానికి పిలిచారు. జెరూయా ఒక్కతే ఉంది. దగ్గులో రక్తం కనిపించింది. నేను ఓబెడ్ మీద పడ్డాను. పీకి పక్కన పడేసిన ఆ హెమ్లాక్ పలకలు భుజాన వేసుకుని వెళ్ళాడు. నేను సుత్తి పట్టుకుని వెనకే వెళ్ళాను. జెరూయా మంచం మీంచి లేచి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"వద్దు ఓబెడ్ అన్నా."

"నీకు పిచ్చా?" అన్నాను. "ఆయన వచ్చాక నేను మాట్లాడతాను. తప్పుకో."

"ఆయన లేనప్పుడు వేస్తే, మాట తప్పి భార్య చేత వేయించాడంటారు. ఇప్పటికే ఏదో ఒకటి అంటున్నారు. కొడుకుని ఇచ్చినా అంటున్నారు." గుమ్మం పట్టుకుని ఊపిరి తీసుకుంది. "ఆయన వచ్చి తన చేత్తో వేస్తే వేయనీ. లేకపోతే ఇలాగే ఉండనీ."

పలకలు వాళ్ళ గోడకు ఆనించి వచ్చేశాం.

ఇథమార్ మంచు కరిగే రోజుల్లో వచ్చాడు. రెండు ఎడ్లతో వెళ్ళినవాడు ఒకదానితో వచ్చాడు. ఇంట్లో కొమ్మల కింద నీరు ఊరుతోంది. జెరూయాను చూశాడు. గొడ్డలి తీసుకుని పొలం వెనక్కి వెళ్ళాడు. దెబ్బలు వినిపించాయి. ఒక్కడే, పరుపు లేదు, సాయం లేదు. కాసేపటికి దెబ్బలు ఆగిపోయాయి. తిరిగొచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. ఆ వారమే ఆమె పోయింది. ఆమెను పూడ్చే పెట్టె ఓబెడ్ చేశాడు. గోడకు ఆనించిన పలకలు అలా వాడాం.

చెట్టు మీద గొడ్డలి గాటు ఉండిపోయింది. దాంట్లోంచి జిగురు కారి గట్టిపడింది. చూసినవాళ్ళు, మొదలుపెట్టి రాజుకు భయపడి మానేశాడన్నారు. నేను కాదని చెప్పాను. చెప్పినప్పుడల్లా, మరి తర్వాతైనా ఎందుకు కొట్టలేదు అని అడిగేవారు. ఆ ఇంట్లో నాకు తెలియని సంగతి అదొక్కటే. ఇథమార్‌ను కదిపితే వాన గురించి మాట్లాడేవాడు.

యుద్ధం చివరి శీతాకాలాల్లో పోర్ట్స్‌మౌత్ నుంచి మనుషులు వచ్చారు. మన దేశానికని అక్కడ పెద్ద యుద్ధనౌక కడుతున్నారు. దానికి స్తంభాలు కావాలి. డీకన్ గారే వాళ్ళను ఇథమార్ ఇంటికి తీసుకొచ్చారు. వాదన తప్పదనుకుని ఊళ్ళో సగం మంది వెనకే వచ్చారు. ఇథమార్ తలుపు తీసి విన్నాడు. "తీసుకుపోండి," అని తలుపు వేసుకున్నాడు. వాళ్ళు పరుపు పరిచారు, చెట్టు పడగొట్టారు, బాణం గుర్తున్న చోట చెక్కేశారు. ఎన్నో జతల ఎడ్లు కట్టి మంచు మీద లాక్కుపోయారు. ఇథమార్ కిటికీ దగ్గరికి కూడా రాలేదు.

ఓడ తయారైంది. నీళ్ళలోకి దిగకముందే, పాపం ఫ్రాన్సు వాళ్ళ ఓడ ఒకటి మన రేవులో మునిగిందని, మనకు సాయం చేసినవాళ్ళు కదా అని, మన దేశపు పెద్దల సభ ఆ కొత్త ఓడను ఫ్రాన్సు రాజుకు బహుమతిగా ఇచ్చేసింది. ఆ వార్త వచ్చిన రోజు డీకన్ గారు భోజనం చేయలేదు. సత్రంలో మాత్రం కడుపులు పట్టుకుని నవ్వారు. రాజు చెట్టు రాజుకే చేరింది, క్వింబీకి ముందే తెలుసు అన్నారు. నవ్వడానికన్న మాటను ఇప్పుడు కెజియా లాంటి పిల్లలు నిజంగా నమ్ముతున్నారు.

దూలాలు ఎత్తిన మరునాడు నేను గుమ్మడికాయ రొట్టె పట్టుకుని గోడ దాటాను. ఇథమార్ పొయ్యి ముందు కూర్చుని ఉన్నాడు. కాళ్ళ కింద మట్టి నల్లగా, నున్నగా ఉంది.

"ఊళ్ళో నిన్ను రాజు మనిషంటున్నారు, తెలుసా అన్నా?"

"తెలుసు."

"ఏమీ అనవేం?"

"నన్నెవరూ అడగలేదు. వాళ్ళలో వాళ్ళే అనుకున్నారు."

"నేను అడుగుతున్నాను. యుద్ధం అయిపోవచ్చింది, మనుషులు తిరిగొచ్చారు, ఎడ్లు దొరికేవి. ఓబెడ్ కూడా బతికే ఉన్నాడు, చేసిపెట్టేవాడు. చెట్టు నీది. కొట్టుకుని పలకలు వేసుకోకుండా వాళ్ళకెందుకు ఇచ్చేశావు?"

రొట్టె తుంచి నోట్లో పెట్టుకుని, నెమ్మదిగా నమిలి మింగాడు. వాన గురించి మాట్లాడతాడనుకున్నాను.

"జెరూయా చెక్కనేల అడిగింది, హిట్టీ," అన్నాడు. "ఏ చెట్టుదో అడగలేదు. ఆ చెట్టే కావాలన్నది నేను. ఆవిడ పోయాక రోజూ తలుపు తీస్తే ఎదురుగా అదే. వాళ్ళొచ్చి అడిగితే పట్టుకుపొమ్మన్నాను. ఏ రాజుకు అని నేను అడగలేదు. నా కళ్ళ ముందు లేకపోతే చాలనిపించింది."